మామ కార్డు, అల్లుడి పాలసీ

కళ్యాణదుర్గం పల్లెల్లో బీమా అన్న మాట వినపడితే ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, శెనక్కాయ పంట. ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడుతుందో లేదో తెలియదు. అలాంటి చోట బీమా జాబితాలో తన పేరు వెతుక్కోని రైతు ఉండడు. ఈ సంవాదంలో మామ అలాంటి రైతు. అల్లుడు ఆయన సొంత అక్క కొడుకు, బెంగుళూరులో ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయికి పాప పుట్టి ఇంకా నెల కాలేదు. బిడ్డను చూడ్డానికి వచ్చిన అల్లుడు ఫోన్లో పాలసీలు తెరిచి కూర్చున్నాడు. వాళ్ళ వాదనలో ఇంటి సంగతులు కొన్ని తీసేశాను. మామ తిట్లు అన్నీ తీసేశాను.

అల్లుడు: పాప పేరు మీద హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవాల మామా. ఐదు లక్షలదా, పది లక్షలదా అనే చూస్తాన్నా.

మామ: పేరే పెట్టలేదు కదప్పా ఇంకా. ఎవరి పేరు మీద తీసుకుంటావు?

అల్లుడు: ఎగతాళి వద్దు మామా. బెంగుళూరులో బిడ్డను ఒక్క రాత్రి ఆసుపత్రిలో పెడితే ఎంతవుతుందో నీకు తెలీదు.

మామ: నాకు బీమా తెలుసు. అది చాలదా? మా చేలో వాన పడలేదు. మండలంలో రెయిన్‌గేజి ఉన్న చోట పడింది. కంపెనీ మా చేనును నమ్మలేదు, ఆ గేజిని నమ్మింది. ఊడలు దిగే కాలంలో మన్ను ఎండి రాయైపోయింది, కాయ ఊరలేదు. కంపెనీ కాగితంలో మాత్రం వాన బాగానే పడిందని రాసుకున్నారు. ఆ పక్క మండలం వాళ్ళకు దుడ్లు పడినాయి, మాకు పడలేదు. ఇప్పుడు నా మనవరాలి ఒళ్ళు ఎవరి గేజితో కొలుస్తారో చెప్పు.

అల్లుడు: అది వేరే, ఇది వేరే మామా. పంట బీమాలో మామూలుగా నీ ఒక్కని నష్టం ఎవరూ చూడరు. ఊరికో మండలానికో ఒక లెక్క కడతారు, ఆ లెక్క తగ్గితేనే అందరికీ ఇస్తారు. ఆరోగ్య బీమాలో అట్ల కాదు. పక్కింటి బిడ్డ బాగుందా లేదా అని ఎవరూ అడగరు. మన బిడ్డకు అయిన బిల్లు, మన పాలసీలో రాసిన షరతులు, ఈ రెండే.

మామ: షరతులు అన్నావు చూడు, గేజి అంటే అదే. సరే, నువ్వు చూసినవాటిలో ఏది తీసుకున్నా రేపు పొద్దున్నుంచి పాపకు పనికొస్తుందా?

అల్లుడు: రేపటి నుంచి కాదు. మామూలుగా 90 రోజులు నిండినాక చేర్చుకుంటారు.

మామ: అంటే మూడు నెలలు.

అల్లుడు: పిల్లకు విడిగా పాలసీ ఇయ్యరు, తల్లో తండ్రో అందులో ఉండాల. ఫ్యామిలీ ఫ్లోటర్ అంటారు, ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే మొత్తం. ఆరోగ్య సంజీవని అని ఒకటుండాది, 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ దాదాపు ఒకే షరతులతో అమ్మేది. దాంట్లో కూడా పిల్లల్ని మూడు నెలల వయసు నుంచే తీసుకుంటారు. కొన్ని పాలసీల్లో పుట్టిన రోజు నుంచే బిడ్డకు రక్షణ ఉంటుంది, కాకపోతే అవి కాన్పు ఖర్చుతో ముడిపడి ఉంటాయి. కాన్పు కవరుకు తొమ్మిది నెలల నుంచి కొన్నేళ్ళ దాకా ఆగాల.

మామ: అంటే పెళ్ళప్పుడే కొనాల్సింది, పాప పుట్టినాక కొంటాండావు. శెనక్కాయ ఎండినాక బీమా కట్టేదానికి పోయినట్లుంది నీ కథ. బిడ్డకు గండం ఎప్పుడప్పా? మూడో ఏటనా? మన పక్క బిడ్డకు మొదటి నెల గడిస్తే పెద్దోళ్ళు ఊపిరి పీల్చుకునేది ఊరికేనా?

ఇక్కడ మామ వైపే లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వే 2020లో, దేశంలో ప్రతి వెయ్యి జననాలకు ఏడాదిలోపు పోయిన పిల్లలు 28 మంది అని తేల్చింది. అందులో 20 మంది మొదటి 28 రోజుల్లోనే పోయారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరాడకపోవడం, ఇన్ఫెక్షన్లు, వీటిలో ఏదీ మూడు నెలలు ఆగదు. బజార్లో దొరికే మామూలు పాలసీకి మాత్రం మూడు నెలల తర్వాతే తలుపు తెరుచుకుంటుంది. పుట్టిన బిడ్డకు బీమా అని వెతికే తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ సంగతి ఏజెంటు చెప్పడు.

అల్లుడు: ఒప్పుకుంటా. మరి ఆ మూడు నెలలకు నీ దగ్గర ఏముంది?

మామ: సర్కారు ఉంది. ఆరోగ్యశ్రీ రాష్ట్రమంతా రాకముందు మొదట మూడు జిల్లాల్లో పెట్టినారు, గుర్తుందా? 2007 ఏప్రిల్ 1న. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మన అనంతపురం. కరువుకు మొదటి పేరు మనదే, కార్డుకూ మొదటి పేరు మనదే. గుండెకు చిల్లి ఉన్న పిల్లోళ్ళను హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించి తెచ్చినారు. పైసా అడగలేదు.

అల్లుడు: ఆ ఆరోగ్యశ్రీని మొదట నడిపింది ఎవరో తెలుసా? ఒక ప్రైవేటు బీమా కంపెనీ. ప్రీమియం సర్కారు కట్టింది, క్లెయిము కంపెనీ ఇచ్చింది. తర్వాతే పూర్తిగా ట్రస్టు చేతికి వచ్చింది. నువ్వు ఇన్నేళ్ళు మెచ్చుకున్నది బీమానే మామా!

మామ: (కాసేపు ఆగి) కట్టింది నేను కాదు కదా.

అల్లుడు: మళ్ళీ అదే దారి పడతాండారు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం యూనివర్సల్ హెల్త్ పాలసీకి ఒప్పుకుంది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన పేద కుటుంబాలకు 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవా ట్రస్టు, అంటే ఆ ఆరోగ్యశ్రీ ట్రస్టే. ఆ మరుసటి నెల ఏమైందో కూడా పేపర్లో చూసినావు. బకాయిలు ఇయ్యలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినాయి. ఆ వారం మన బిడ్డకు అవసరం పడుంటే?

మామ: అనంతపురం సర్వజన ఆసుపత్రికి పోతాం. అది బంద్ కాదు. నెలలోపు బిడ్డలకు అక్కడ వేరే వార్డు ఉండాది. 108కు ఫోన్ చేస్తే బండి వస్తుంది.

అల్లుడు: 60 కిలోమీటర్లు మామా.

మామ: నీ పాలసీ ఉంటే దూరం తగ్గుతుందా?

ఈ ప్రశ్నకు అల్లుడు జవాబు చెప్పలేదు. నాకూ తోచలేదు. మామ చెప్పిన వార్డును ఎస్‌ఎన్‌సీయూ అంటారు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, రాకపోకల బండి తల్లికి ఉచితం. జబ్బు చేసిన బిడ్డకు ముందు నెల రోజుల వరకు ఇచ్చారు, తర్వాత ఏడాది వయసు దాకా పెంచారు. దీనికి ఏ కార్డూ అక్కర్లేదు, ఏ ఆదాయ పరిమితీ లేదు. జీతగాడి బిడ్డైనా, కూలి బిడ్డైనా ఒకటే. అయినా మధ్యతరగతి ఇళ్ళలో దీని పేరెత్తరు. సర్కారు ఆసుపత్రి మెట్లెక్కడం నామోషీ అన్న భావం ఇంకా పోలేదు.

మామ: ఇంకో మాట. అమ్మాయి పేరు ఇంకా నా కార్డులోనే ఉండాది. పాపను కూడా అందులోనే ఎక్కిస్తే పోతుంది కదా?

అల్లుడు: అక్కడే తప్పు చేస్తావు. పెళ్ళైనాక అమ్మాయి మా ఇంటి లెక్క. సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఏ ఇంటి లెక్కలో ఎవరున్నారో, అడుగుతారు. నా జీతం ఏడాదికి ఐదు లక్షలు దాటుతుంది, ఆరోగ్యశ్రీకి ఐదు లక్షల లోపు ఆదాయం ఉండాలని 2019లోనే పెట్టినారు. నీ కార్డు మీద బిడ్డను చేర్చి, రేపు ఆసుపత్రిలో కార్డులు సరిచూసే ఆరోగ్యమిత్ర ముందు పేర్లు కలవకపోతే, ఆ గంటలో ఎవరితో వాదిస్తావు? పాపకు నీ కార్డు రాదు మామా. అందుకే నా పాలసీ.

మామ: ఆ మాట ముందే చెప్పుంటే ఇంత వాగేవాణ్ణి కాదు.

(వాగేవాడే. ఆయన సంగతి నాకు తెలుసు.)

మామ: సరే, మూడు నెలలు దాటినాయనుకో. నువ్వు కొన్నావు. అప్పుడు దేనికి ఇస్తారు, దేనికి ఇయ్యరు? ఆ సన్న అక్షరాలు చదువు, నేను వింటా.

అల్లుడు: ఆరోగ్య సంజీవనిదే చెప్తా, తక్కినవాటికి అది కొలబద్ద. గది అద్దె బీమా మొత్తంలో రెండు శాతం, రోజుకు 5,000 దాటకూడదు. ఐసీయూకు ఐదు శాతం, 10,000 దాటకూడదు. ఒప్పుకున్న బిల్లులో మన వాటా ఐదు శాతం.

మామ: 5,000 గదికి బదులు 10,000 గదిలో పెట్టినావనుకో, పై ఐదువేలు మనం కట్టుకుంటే సరి.

అల్లుడు: సరి కాదు. అందరూ పడే గుంట అదే. గది అద్దె పరిమితికి రెట్టింపైతే, ఆ గదిని బట్టి మారే ఖర్చులన్నీ సగమే లెక్కలోకి వస్తాయి. డాక్టరు ఫీజు, నర్సింగు, ఆపరేషన్ థియేటరు కలిపి 80,000 అయితే 40,000కే లెక్క. మందులకు, పరీక్షలకు, ఐసీయూ చార్జీలకు ఈ కోత వేయకూడదని నియమం ఉండాది. అందుకే గది అద్దె పరిమితి లేని పాలసీ కోసం వెతుకుతాన్నా. ప్రీమియం ఎక్కువే. కాకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేసినారు.

మామ: పుట్టుకతో వచ్చిన లోపం ఏదన్నా ఉంటే?

అల్లుడు: రెండు రకాలుగా చూస్తారు. లోపల ఉండేది, అంటే గుండెకు చిల్లి లాంటిది, శాశ్వతంగా కాదనడానికి లేదు. ఆగాల్సిన గడువు పెట్టొచ్చు. బయటికి కనపడేది, గ్రహణం మొర్రి, వంకర పాదం, ఇవి చాలా పాలసీల్లో రావు.

మామ: అవి రాకపోతే ఎట్లా? మనది మేనరికం కదప్పా.

ఆ మాట మామ నోట వినడం నాకు ఆశ్చర్యమే. రాయలసీమ ఇళ్ళలో మేనరికం చుట్టరికం, ఆస్తి, ప్రేమ అన్నీ కలిసిన మాట. దాని మీద డాక్టరు మాట ఎత్తితే పెళ్ళివారే లేచిపోతారు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఊళ్ళో, ఎక్కువగా పాకిస్తానీ కుటుంబాల పిల్లల మీద చేసిన అధ్యయనాన్ని 2013లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. మేనరికం లాంటి దగ్గరి రక్తసంబంధపు పెళ్ళిళ్ళలో పుట్టుక లోపాల అవకాశం సుమారు మూడు శాతం నుంచి ఆరు శాతానికి పెరుగుతుందని అందులో తేలింది. నూటికి తొంభై నాలుగు మందికి ఏమీ ఉండదు, నిజమే. అయినా పాలసీలో పుట్టుక లోపాల పేరాను మన ఊళ్ళలో దాటేసి చదవకూడదు.

అల్లుడు: పాపకు గుండె చూసినారు, చెవులు కూడా చూడమన్నా. అంతా బాగుంది మామా.

మామ: బాగుంది కాబట్టే అడుగుతాన్నా. అంగన్‌వాడీకి వచ్చే బృందం ఏం చూస్తుందో తెలుసా నీకు? ఆర్‌బీఎస్‌కే అంటారు. గ్రహణం మొర్రి, వంకర కాలు, చెవుడు, పుట్టు శుక్లాలు, గుండె జబ్బు, అన్నీ చూసి పెద్దాసుపత్రికి రాస్తారు. నీ కంపెనీ దేనికి ఇయ్యనంటాందో దాన్నే సర్కారు జాబితాలో ముందు రాసినారు. గుండె ఆపరేషనైతే పుట్టపర్తిలో సాయిబాబా పెద్దాసుపత్రి 1991 నుంచి ఊరికేనే చేస్తాంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమానిదే ఆ జాబితా. మామ చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. పాలసీ వదిలేసే చోటే సర్కారు పథకం మొదలవుతున్నప్పుడు రెంటినీ ఎదురెదురు నిలబెట్టి వాదించుకోవడం ఎందుకన్నది నా ప్రశ్న. వాళ్ళిద్దరూ మాత్రం మానలేదు.

అల్లుడు: నేను సర్కారును కాదనలేదే. రేపు పిల్లకు రెండేళ్ళప్పుడు డెంగ్యూ వస్తుంది, అర్ధరాత్రి ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అప్పుడు బెంగుళూరులో పుట్టపర్తికి బస్సెక్కాలా?

మామ: దానికి మీ కంపెనీ వాళ్ళు ఇచ్చే ఇన్సూరెన్స్ ఉందంటివి కదా?

అల్లుడు: ఉంది, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ. మొన్న మా ఆఫీసులో ఒకే సాయంత్రం కొందరికి మెయిల్ వచ్చింది, పొద్దునకు వాళ్ళ ఐడీ కార్డు పనిచేయలేదు. ఉద్యోగంతో పాటు భార్యాపిల్లల బీమా కూడా పాయె. అప్పుడు కొత్తగా కొంటే కొత్తగా గడువులు లెక్కపెట్టాల. అదే కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంది గానీ, ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది? సొంతంగా ఒకటి ఇప్పుడే మొదలుపెడితే గడువులు కూచున్నచోటే అరుగుతాయి. పాత జబ్బుకు మూడేళ్ళకు మించి ఆపకూడదు. ఐదేళ్ళు తెగకుండా కడితే, మోసం రుజువైతే తప్ప, అప్పుడు చెప్పలేదు ఇప్పుడు ఇయ్యం అనడానికి లేదు.

మామ: ఇది మాత్రం ఒప్పుకుంటా. బోరు వేసేది బావి ఎండకముందే.

అల్లుడు: అమ్మయ్య!

మామ: పాపకు కామెర్లొచ్చి రెండు రోజులు నీలం లైటు కింద పెట్టినారే, అది రాస్తావా ఫారంలో?

అల్లుడు: అంత చిన్నదానికి ఎందుకు? ఏజెంటు కూడా వద్దులే అన్నాడు.

మామ: ఏజెంటు వద్దంటే రాయాల! కౌలు భూమిని సొంతమని రాయించి, చివరికి బీమా రాక ఏడ్చినోళ్ళను చూసినా. కాగితం మీద ఒక్క అబద్ధం చాలు వాళ్ళకు.

అప్పటి వరకు లోపల గదిలో పాపకు పాలిస్తున్న అమ్మాయి గొంతు వినపడింది.

అమ్మాయి: బావా, మీ కంపెనీ వాళ్ళకు పాప పుట్టిందని రాసినావా?

అల్లుడు: రాస్తాలే. ముందు మంచి పాలసీ ఒకటి చూసి…

అమ్మాయి: ఎన్ని రోజుల్లోపు రాయాల?

అల్లుడు: ముప్పై.

అమ్మాయి: పాపకు ఇప్పుడు ఎన్ని రోజులు?

అల్లుడు ఫోన్లో పాలసీల పేజీ మూసి మెయిల్ తెరిచాడు. వాదనలో గెలిచింది ఈ మూడో మనిషే అంటాను. కంపెనీల గ్రూపు పాలసీల్లో చాలావాటిలో బిడ్డకు మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, ఆగాల్సిన గడువు ఉండదు. కాకపోతే పాలసీలో రాసిన రోజుల్లోగా పేరు చేర్పించాలి. చాలాచోట్ల అది 30 రోజులు. దాటితే మళ్ళీ రెన్యువల్ దాకా ఆగమనవచ్చు. ఇంటికొచ్చిన ఏజెంటుకు గానీ, ఫోన్లో పోలికల పట్టికలు చూపించేవాళ్ళకు గానీ దీని మీద కమీషన్ లేదు, అందుకే వాళ్ళు గుర్తు చేయరు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకు ఈఎస్‌ఐ ఉంటే అదీ ఇలాంటిదే. పెనుకొండ చుట్టూ కార్ల విడిభాగాల పరిశ్రమల్లో చేరిన మన పిల్లలు జీతం చీటీలో 0.75 శాతం కోత చూసి గొణుక్కుంటారు. వాళ్ళ బిడ్డకు వైద్యం ఆ కోతలోనే ఉంది.

మామ: పోనీ, పక్క వీధి ఏజెంటు పాప పేరున ఒక పాలసీ చెప్పినాడు. ఇరవై ఏళ్ళకు చదువుకు దుడ్లు వస్తాయంట. అది కట్టితే ఆసుపత్రికి కూడా…

అల్లుడు: రాదు మామా. అది పొదుపు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న రాత్రి దాన్నుంచి రూపాయి రాదు. కావాలంటే అది వేరేగా కట్టు, తాతవు కదా.

మామ: టీకాలకు ఇస్తుందా నీ పాలసీ?

అల్లుడు: మామూలుగా ఇయ్యదు.

మామ: మన ఏఎన్‌ఎమ్ ఇస్తుంది. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి పుట్టగానే వేసినారు. మళ్ళీ ఆరు, పది, పద్నాలుగు వారాలకు. నువ్వు బెంగుళూరులో వేలు పోసి వేయిస్తానంటే నీ ఇష్టం.

అల్లుడు: క్లెయిము కాదన్నారనుకో, పంట బీమా లాగా ఊరుకోను. ముందు కంపెనీకి రాస్తా, నెలలో తేల్చకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు పోతా. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల దాకా తీర్పు చెప్పే అధికారం ఉండాది ఆయనకు.

మామ: అప్పుడు నన్నూ పిలుచుకుపో. కంపెనీ వాళ్ళను ఎదురుగా కూచోబెట్టి అడగాలని చాలా ఏళ్ళుగా ఉండాది నాకు.

ఇద్దరిలో ఎవరి మాట సరైనదంటే, మొదటి మూడు నెలలకు మామదే. ఆ తర్వాత, బెంగుళూరులో ఉద్యోగం నమ్ముకున్న ఇంటికి అల్లుడిదే. ఆదాయం ఐదు లక్షల లోపున్న ఇంటికైతే ముందు కార్డు, దుడ్లు మిగిలితేనే పాలసీ అంటాను.

ఈ నెల ఇంట్లో బిడ్డ పుట్టినవాళ్ళకు ఒక మనవి. జననం 21 రోజుల్లో నమోదు చేయించండి, రుసుము ఉండదు. పేరు పెట్టకపోయినా పర్వాలేదు, ఏడాదిలోపు ఉచితంగానే చేర్చుకోవచ్చు. ఉద్యోగం చేసే చోట బీమా ఉంటే ఈ వారంలోనే బిడ్డ సంగతి రాసి, చేరినట్టు జవాబు తెప్పించుకోండి. ఏజెంటుతో మాట్లాడటానికి మీకు ఇంకా మూడు నెలల టైముంది.